మా అమ్మకు వచ్చింది కామెర్లు కాదు

బోనాల మరునాడు మా ఇంట్లో మటన్ వండుతారు. ఆ రోజు నేను రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాను. మటన్ కూర ముందు నుంచి నేను లేచిపోవడం మా ఇంట్లో వార్తే. మా యారాలు, అంటే మా బావగారి భార్య, "ఏంది సువర్ణా, అమ్మవారు నీకే పూనిందా ఏంది?" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ కడుపు నిజంగానే గొంతు దాకా నిండినట్టుంది. అప్పటికి నెల రోజులుగా లంగా బొందు పాత ముడి దగ్గర కట్టుకోలేకపోతున్నాను. యాభై దగ్గర పడుతున్నాయి, ఒళ్లు వస్తోంది అనుకున్నాను. ముఖం మాత్రం రోజురోజుకూ పీక్కుపోతోంది. ఒళ్లు చేసే మనిషికి ముఖం ఎందుకు పీక్కుపోతుందో నాకు తట్టలేదు.

మాది పురానాపూల్ దగ్గర పాల వ్యాపారం. ఇంటి వెనక బర్రెల కొట్టం, ముందు గల్లీలోకి తెరుచుకునే చిన్న దుకాణం. బావగారూ మా ఆయనా బర్రెల్ని చూసుకుంటారు. పొద్దున దుకాణంలో కూర్చుని పాలు కొలిచి పోసేది నేను. ఇరవై ఆరేళ్లు కొలిచాను. మాకు పిల్లలు లేరు. యారాలికి ముగ్గురు. వంటిల్లు ఆమెది, పిల్లలు ఆమె పిల్లలు, ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ లీటరు కొలత ఒక్కటే. ఎవరికి నురుగు లేకుండా పోయాలో, ఎవరికి పైన ఒక చుక్క వేయకపోతే మూతి ముడుచుకుంటారో నాకే తెలుసు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, రోగం నా దగ్గర నుంచి మొట్టమొదట తీసుకుపోయింది దాన్నే.

గల్లీ చివర డాక్టరు గ్యాస్ అన్నాడు. మూడు వారాలు గ్యాస్ మాత్రలు మింగాను. ఒకరోజు పాల క్యాను జరపడానికి వంగితే ఊపిరి అందలేదు. ఆ పూటే స్కానింగ్‌కు వెళ్లాం. స్కాన్ చేసే అమ్మాయి మొదట బోలెడు కబుర్లు చెప్పింది. మిషన్ నా కడుపు మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పాక మాట ఆపేసింది. తెర మీద ఏముందో నాకు తెలియదు గానీ ఆ అమ్మాయి మాట ఆగినప్పుడే ఏదో ఉందని తెలిసింది. "కడుపుల నీళ్ళున్నయమ్మా. లేట్ చెయ్యకుండ్రి," అంది చివరికి.

నగరం అవతలి వైపున్న పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో సీఏ 125 అనే రక్త పరీక్ష, సీటీ స్కాన్ రాశారు. కడుపులోంచి సూదితో నీళ్లు తీసి పరీక్షకు పంపారు. మంచం పక్కన వేలాడుతున్న సీసాలోకి ఆ నీళ్లు దిగుతుంటే చూస్తూ పడుకున్నాను. కొంచెం పచ్చగా, కొంచెం ఎర్రగా ఉన్నాయి. ఆ రంగు నాకు కొత్త కాదు.

మా అమ్మ పోయే ముందు రెండుసార్లు ఆమె కడుపులోంచి ఇలాగే నీళ్లు తీశారు. ఒకసారి నేను పుట్టింటి నుంచి కబురొస్తే వెళ్లి చూశాను. డాక్టర్లు మా బాపును పక్కకు పిలిచి ఏదో చెప్పారు. బాపు ఇంటికొచ్చి కామెర్లు అన్నాడు. ఆకు పసరు తాగించారు. కళ్లు పచ్చబడని కామెర్లేమిటని నేను అడగలేదు, మా చెల్లెలు రేణుక అడగలేదు. అమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటినా ఎవరడిగినా కామెర్లనే చెప్పేవాళ్లం. చెప్పీ చెప్పీ మాకే అది నిజమైపోయింది.

మా డాక్టరమ్మ వయసులో నాకన్నా చిన్నది. ఏదీ చుట్టూ తిప్పి చెప్పదు. "ఒవేరియన్ క్యాన్సర్. స్టేజ్ త్రీ సీ. ముందు మూడు కీమోలు, తర్వాత సర్జరీ, తర్వాత మళ్లీ మూడు కీమోలు. మొదటిసారి ఈ మందులు చాలామందికి బాగా పనిచేస్తాయి," అంది. తర్వాత ఫైల్లో ఏదో రాసుకుంటూ అడిగింది. "మీ అమ్మగారి వైపు ఎవరికైనా బ్రెస్ట్ క్యాన్సర్ గానీ ఒవరీ క్యాన్సర్ గానీ ఉందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన జవాబు చెప్పాడు. "లేదమ్మా. వీళ్ళమ్మ కామెర్లతోని పోయింది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు మేం చెప్పిందే ఆయన చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను. సీసాలోకి దిగిన నీళ్లను కళ్లారా చూసి, రంగు గుర్తుపట్టి, నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

మూడు కీమోల తర్వాత ఆపరేషన్ అయింది. గర్భసంచి, అండాశయాలు, కడుపులో పొరలా ఉండే కొవ్వు, అన్నీ తీసేశారు. కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ ఇంకో మాట అంది. "బీఆర్‌సీఏ అని ఒక జెనెటిక్ టెస్ట్ ఉంది. రక్తంతోనే చేస్తారు. ఇది వంశంలో నడుస్తోందా లేదా తెలుస్తుంది. మీ వైద్యానికీ పనికొస్తుంది, మీ చెల్లెలికీ పనికొస్తుంది."

వరండాలో మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "రేణుక బిడ్డకు సంబంధం జూస్తున్నరు. వంశరోగమని గీ కాయిదం మీద వచ్చిందనుకో, ఆ పొల్లను ఎవడు జేసుకుంటడు? మనకెందుకీ లొల్లి?" అన్నాడు. అది ప్రేమతో అన్న మాటే. నాకూ సబబుగానే తోచింది. టెస్ట్ వద్దని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను. ఈ కథలో నేను చేసిన తప్పు అదే. మిగతావన్నీ దాని వెనక వచ్చినవే.

బయట అందరికీ చెప్పిన మాట గడ్డ. కడుపులో గడ్డ ఉంటే తీశారు, అంతే. పాల వ్యాపారంలో క్యాన్సర్ అన్న మాట బయటికొస్తే గిరాకీ నిలబడదని బావగారి భయం. రేణుకకు కూడా గడ్డ అనే చెప్పాం. మొదటి కీమోలకే జుట్టు మొత్తం ఊడింది. దానికేం చెప్పాలని ఇంట్లో పెద్ద సభే జరిగింది. చివరికి యారాలు తీర్పు చెప్పింది: యాదగిరిగుట్టకు మొక్కుంది, తలనీలాలు ఇచ్చింది. మా వైపు ఆడవాళ్లు మొక్కుకుని గుండు చేయించుకోవడం మామూలే కాబట్టి గల్లీ మొత్తం నమ్మింది. కొందరు ప్రసాదం కూడా అడిగారు. మా ఆయన లడ్డూలు కొనుక్కొచ్చి పంచాడు. ఆ లడ్డూలు పంచుతున్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఒక్కరు నమ్మలేదు. రోజూ స్టీలు డబ్బా పట్టుకుని పాలకొచ్చే ముసలావిడ, మేమందరం ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలుస్తాం. దుకాణం ముందు నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, "బాల్ దియే సో ఠీక్ హై బేటీ, భవాఁ కైకు దియే?" అంది. జుట్టు ఇచ్చావు సరే, కనుబొమ్మలెందుకు ఇచ్చావు అని. నేను కొంగు నుదుటి మీదికి లాక్కున్నాను. ఆమె మళ్లీ ఏమీ అడగలేదు. పాలు తీసుకోవడం కూడా మానలేదు.

కొలత పోయిన సంగతి ఎవరూ నోటితో చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి దుకాణంలోకి వస్తే నా పీట మీద యారాలు కూర్చుని ఉంది. "నీకెందుకు సువర్ణా కష్టం, పోయి పండుకోరాదు," అంది. మరునాడూ అదే మాట. నెల తర్వాత ఒకరోజు ఆమె లోపలికి వెళ్లినప్పుడు నేను కొలత అందుకుని ఇద్దరికి పాలు పోశాను. ఆమె వచ్చి, ఆ కొలత తీసుకెళ్లి వేడినీళ్లతో కడిగింది. కడిగి, మళ్లీ కడిగింది. క్యాన్సర్ అంటుకునే రోగం కాదని ఆమెకూ తెలుసు. తెలిసినా చేయి ఆగలేదు. ఆ రోజు తర్వాత నేను పొద్దుటిపూట దుకాణం వైపు వెళ్లలేదు. ఇంటి నిండా మనుషులు, కొట్టం నిండా బర్రెలు, మధ్యలో నేనొక్కదాన్నే ఖాళీగా కూర్చునేదాన్ని. అంత ఒంటరితనం నాకు ఆసుపత్రిలో కూడా అనిపించలేదు.

కీమోలు అయిపోయాక మూడు నెలలకోసారి సీఏ 125 చేయించుకోవాలి. ముప్పై అయిదు లోపు నార్మల్ అన్నారు. చిక్కదనం తేల్చడానికి పాలలో లాక్టోమీటర్ ముంచి గీత చూసే మనిషికి అంతకంటే ఏం కావాలి? మా ఆయన కాగితం చూసి, "గీత దాటలే. మంచిగనే ఉన్నవ్ తియ్," అనేవాడు. మొదట తొమ్మిది వచ్చింది, తర్వాత పద్నాలుగు, ఆ తర్వాత ఇరవై ఆరు. పెరుగుతోందని ఇద్దరికీ కనబడుతూనే ఉంది. గీత దాటలేదు కాబట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లకుండా రిపోర్టు ఇంట్లో పెట్టుకున్నాం. లాక్టోమీటర్‌ను ఎన్ని రకాలుగా మోసం చేయొచ్చో మా వ్యాపారంలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. బయటి పాలు కొనాల్సి వస్తే గీత ఎంత సరిగా ఉన్నా వాసన చూసి, వేలికి రాసుకుని గానీ కొనం. నా కడుపు విషయంలో మాత్రం గీతనే నమ్మాం.

ఆఖరి కీమో అయిన పద్నాలుగు నెలలకు మళ్లీ ఆకలి పోయింది. విరేచనం సరిగా కావడం లేదు. నడుము చుట్టూ తాడు బిగించినట్టు నొప్పి. నెలన్నర ఓర్చుకున్నాను. ఓర్చుకున్నాను అనడం కూడా గొప్పలకు పోవడమే. భయపడి దాచుకున్నాను. చివరికి ఒకరోజు మా ఆయన బండి మీద ఆసుపత్రి గేటు దగ్గర దింపి, "బర్లకు టైమైతది, నువ్వు జూపించుకొని రా," అని వెళ్లిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. లోపల ఏం చెబుతారో వినడం ఆయన వల్ల కాదు. నా వల్లా కాదు గానీ నాకు వేరే దారి లేదు.

పెట్ సీటీ స్కాన్ చేశారు. కడుపు పొర మీద నాలుగైదు చోట్ల, కాలేయం పక్కన ఒకచోట కణితులు కనబడ్డాయి. డాక్టరమ్మ ఈసారి కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. "తిరిగి వచ్చింది సువర్ణమ్మా. కీమో అయిపోయి ఆరు నెలలు దాటాక వచ్చింది కాబట్టి దీన్ని ప్లాటినం సెన్సిటివ్ అంటాం. అంటే మొదటిసారి పనిచేసిన కార్బోప్లాటిన్ మళ్లీ పనిచేసే అవకాశం ఉంది. ఆరు నెలల్లోపే వచ్చి ఉంటే దారి వేరేగా ఉండేది."

"మళ్ళ ఆపరేషన్ జేస్తరా?" అన్నాను.

"రెండో ఆపరేషన్ కొందరికే. ఒకటి రెండు చోట్లే ఉండి, కంటికి కనబడేదంతా తీసేయగలం అనుకుంటేనే లాభం. మీకు చాలా చోట్ల ఉంది. కోసి సగం వదిలేస్తే మీకు నొప్పే మిగులుతుంది."

"మరి నయమైతదా?"

"నయం అనే మాట నేను వాడను. కంట్రోల్ అంటాను. కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు. మీరు ఎటు ఉంటారో మందు వేసి చూస్తేనే తెలుస్తుంది. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ వేరే మందు వేస్తాం. అలా నడుస్తుంది."

రిపోర్టులు ఇంట్లో పెట్టుకున్న సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నంబర్ ఒక్కటే చూసి మేం మందు మొదలుపెట్టం. అది కాదు నా బాధ. నెలన్నరగా నొప్పి ఉంది, మలబద్ధకం ఉంది, ఆ మాట చెప్పడానికి ఎందుకు రాలేదు?" అంది. తర్వాత మళ్లీ ఆ టెస్ట్ సంగతి ఎత్తింది. ఈసారి పక్కన జవాబు చెప్పడానికి ఎవరూ లేరు. మా అమ్మకు కామెర్లు కాదు, కడుపులోంచి నీళ్లు తీశారు అని చెప్పాను. అంత చిన్న మాట చెప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది. రక్తం ఇచ్చాను.

మూడు వారాలకు పాజిటివ్ అని వచ్చింది. బీఆర్‌సీఏ వన్. అదొక రకంగా మంచి వార్తే అంది డాక్టరమ్మ. ఇది ఉన్నవాళ్లకు కీమో పనిచేశాక ఒలాపరిబ్ అనే మాత్రలు ఇస్తారట. క్యాన్సర్ మళ్లీ తలెత్తకుండా ఎక్కువ కాలం తొక్కిపెట్టి ఉంచుతాయట.

"అప్పుడే టెస్ట్ చేయించుకుని ఉంటే?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె ఫైలు మూసి పక్కన పెట్టింది. "మొదటి కీమోలు కాగానే ఈ మాత్రలు మొదలుపెట్టేవాళ్లం. తిరిగి వచ్చేది కాదని చెప్పలేను. ఇంత తొందరగా వచ్చేది కాదేమో." తర్వాత, "ఇప్పుడు అది వదిలేయండి. మీ చెల్లెలికి చెప్పండి. ఆమెకు ఉండే అవకాశం సగానికి సగం. ముందే తెలిస్తే ఆమెకు ఈ రోగం రాకుండా చాలావరకు ఆపగలం," అంది.

చెప్తానన్నాను. చెప్పలేదు. రేణుక ఉండేది జల్‌పల్లిలో. చిన్న ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్నారు. భర్త సామాన్ల ఆటో నడుపుతాడు, తను బ్లౌజులు కుడుతుంది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని. ప్రతిసారీ కూతురి సంబంధం సంగతి సంతోషంగా చెప్పేది, నేను వింటూ ఊరుకునేదాన్ని. అప్పటికి కీమో మళ్లీ మొదలైంది. రెండోదానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది. "చెప్పారా?" "చెప్పిన," అన్నాను. డాక్టరు ముందు కూర్చుని, సొంత చెల్లెలి ప్రాణం సంగతిలో అబద్ధమాడాను.

ఈసారి కార్బోప్లాటిన్‌తో పాటు ఇంకో మందు ఇస్తారు, ఎర్రగా ఉంటుంది. దాంతో జుట్టు అంతగా ఊడదు, కానీ అరచేతులు, అరికాళ్లు మండి పొట్టు లేస్తాయి. వేడినీళ్లు ముట్టుకోవద్దని, బిగుతు చెప్పులు వేసుకోవద్దని నర్సు ముందే చెప్పింది. అది తట్టుకోగలిగాను. తట్టుకోలేనిది ఆ అబద్ధమాడిన రోజే జరిగింది. కార్బోప్లాటిన్ సీసా సగం అయ్యేసరికి అరచేతుల్లో దురద మొదలైంది. ముఖం వేడెక్కింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. నర్సును పిలుద్దామంటే గొంతు రావడం లేదు. పక్క మంచం మీద ఉన్న అమ్మాయి చూసి అరిచింది. నలుగురు పరిగెత్తుకొచ్చారు, మందు ఆపారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. "మీతో ఎవరొచ్చారమ్మా? అటెండర్ ఎవరు?" అని నర్సు అడుగుతూనే ఉంది. ఎవరూ రాలేదని చేయి ఊపాను.

ఆ కొద్ది నిమిషాల్లో నాకు మా ఆయన గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. రేణుకకు చెప్పకుండా పోతున్నాను అన్న ఒక్క మాటే బుర్రలో తిరిగింది. దానికీ అమ్మలాగే కడుపు ఉబ్బుతుంది, దానికీ ఎవరో గ్యాస్ మాత్రలు ఇస్తారు, అందుకు కారణం నేనే అవుతాను అనుకున్నాను. అంత భయం నాకు నా రోగం పేరు విన్నప్పుడు కూడా కలగలేదు.

సాయంత్రానికి తేరుకున్నాను. రెండోసారి ఈ మందు తీసుకునేవాళ్లలో కొందరికి ఇలా రియాక్షన్ వస్తుందట. ఒళ్లు పాత మందును గుర్తుపెట్టుకుని ఎదురు తిరుగుతుందట. "మందు మార్చాల్సిన పనిలేదు. తర్వాతిసారి నుంచి డీసెన్సిటైజేషన్ చేద్దాం. కొంచెం కొంచెంగా, రోజంతా ఎక్కిస్తాం. దగ్గర మనిషి మాత్రం ఉండాలి," అంది డాక్టరమ్మ.

నాలుగు రోజులకు కాళ్లు కాస్త కుదురుకున్నాక, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, రిపోర్టు జిరాక్స్ తీసుకుని అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాను. రేణుక మిషన్ ముందు ఉంది. నన్ను చూసి లేచింది.

"గింత ఎండల వచ్చినవేందక్కా? ఫోన్ జేస్తె నేనే వద్దును గద."

కూర్చుంటే ధైర్యం జారిపోతుందని నిలబడే చెప్పాను. "నాకు తీసింది గడ్డ కాదు చెల్లే. క్యాన్సర్. మళ్ళొచ్చింది. అమ్మకు గూడ గదే అయి ఉంటదంటున్నరు. వంశంల ఉన్నది. నువ్వు టెస్ట్ చేయించుకోవాలె."

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుడుతున్న బ్లౌజు మడత పెట్టింది. "చంటిపిల్లను పక్కకు పండబెట్టి అమ్మ కడుపుల నీళ్ళు దీస్తుంటె బకెట్ పట్టుకున్న నేను. కామెర్లని బాపు అంటె, నువ్వు గూడ ఔనంటె నమ్మిన. పదో తరగతి జదివినవ్, నీకు తెలుస్తదని నమ్మిన."

"అప్పుడు నాకు గూడ తెల్వదే."

"అప్పుడు తెల్వదు. రెండేండ్ల సంది తెల్సు గద?"

"నీ బిడ్డ సంబంధం చెడిపోతదని..."

"నా బిడ్డ పేరు తియ్యకక్కా. దాని కోసం దాసిన్నంటవా? దాని కోసమన్న చెప్పాలె గద!" మడిచిన బ్లౌజు పక్కకు విసిరేసింది. "పో. ఇంటికి పో. నాకేం మాట్లాడాలో సమజ్ అయితలేదు."

మంచినీళ్లు కూడా తాగకుండా బయటికొచ్చాను. రిపోర్టు కుట్టు మిషన్ మీద పెట్టి వచ్చాను. బస్సు స్టాపు దాకా నడుస్తుంటే అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టున్నాయి. అయినా గుండెలో బరువు కొంచెం దిగింది. అది తిట్టడం న్యాయమే. తిట్టడానికైనా దానికి నిజం తెలిసింది.

ఇక దాచడానికి నాకు ఓపిక లేదు. మరునాడు పొద్దున, చాలా నెలల తర్వాత, దుకాణం ముందుకు వచ్చాను. ఖాలా "కైసీ హై బేటీ?" అని అడిగితే, నలుగురు గిరాకీల ముందే, "క్యాన్సర్ ఖాలా. దవా చల్‌రీ," అన్నాను, మందు నడుస్తోందని. ఆమె నా భుజం మీద చేయి వేసి, "మాలూమ్ హై," అంది, తెలుసు అని. అంతే. తర్వాత డబ్బా ముందుకు చాపింది. ఆ వారంలో రెండిళ్ల వాళ్లు పాలు మానేశారు. ఒకరు మళ్లీ వచ్చారు. యారాలు పది రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన మాత్రం నేను చెప్పిన రోజు సాయంత్రమే వచ్చి నా పక్కన కూర్చుని, "మంచిగనే అన్నవ్ తియ్," అన్నాడు. కానీ తర్వాతి కీమోకు కూడా ఆయన వార్డులోకి రాలేదు. గేటు దగ్గర కూర్చున్నాడు. అదే ఆయనకు చేతనైంది.

రేణుక నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. రెండు కీమోలు అలాగే అయిపోయాయి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా చుక్కచుక్కగా మందు ఎక్కేది. పక్క మంచాల దగ్గర ఎవరో ఒకరు బత్తాయిలు ఒలిచి పెడుతుండేవారు. నా కాగితాల మీద దగ్గరి మనిషి సంతకం కావాలంటే వార్డు ఆయమ్మ చేత పెట్టించేవాళ్లు. నాకు అప్పుడు సిగ్గేసేది. ఎవరూ లేని మనిషిని కాదు నేను. అయినా ఎవరూ లేరు.

అయిదో కీమోకు రెండు రోజుల ముందు ఫోన్ మోగింది.

"అక్కా, టెస్ట్ చేయించుకున్న. రిపోర్ట్ వచ్చింది." అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "నాకు లేదంట. నాకు లేదు కాబట్టి నా పిల్లలకు గూడ నా దిక్కెల్లి రాదంట."

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అయితే ఇది నిజం చెప్పే చోటు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సంతోషం లోపల ఒక్క క్షణం, అయితే నేనొక్కదాన్నే అన్నమాట, అని కూడా అనిపించింది. అమ్మ దగ్గర నుంచి నాకొక్కదానికే వచ్చింది. అనిపించినందుకు వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. రేణుకకు ఏం వినబడిందో ఏమో, "నీకెందుకొచ్చిందక్కా?" అని అటువైపు నుంచి భోరున ఏడ్చింది. జల్‌పల్లిలో ఆ రోజు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

తర్వాత చాలా రోజులు నాకు ఒకటే ఆలోచన. దాని బిడ్డ కోసమని మేం టెస్ట్ వద్దన్నాం. ఆ పిల్లకు అందులో భయపడాల్సింది ఏమీ లేదు. సంబంధం వాళ్లకు రేణుకే అంతా విడమర్చి చెప్పింది. వాళ్లు రిపోర్టు చూపించమన్నారు, చూశారు, ముహూర్తం పెట్టుకున్నారు. మా మౌనం ఎవరినీ కాపాడలేదు. దానివల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే, నాకు రావలసిన మాత్రలు అప్పుడు నాకు రాలేదు.

ఆరు కీమోలు అయ్యాయి. స్కాన్‌లో చాలావరకు కరిగిపోయాయి, కాలేయం పక్కది మాత్రం చిన్నగా మిగిలింది. ఇప్పుడు ఎనిమిది నెలలుగా ఒలాపరిబ్ మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దున, సాయంత్రం. అవి నాకు అందేలా ఆసుపత్రిలోని సోషల్ వర్కర్ చూసింది. అలాంటి మనిషి ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉంటారట, అడగాలి. మొదటి రెండు నెలలు వికారం. తర్వాత హీమోగ్లోబిన్ పడిపోయి రెండుసార్లు రక్తం ఎక్కించారు, డోసు తగ్గించారు. మిగిలిన కణితి పెరగలేదు, తగ్గలేదు. "పనిచేసినన్నాళ్లు వేసుకుందాం. ఆగిపోతే ఇంకో దారి చూద్దాం," అంటుంది డాక్టరమ్మ. ముందు ఆ మాట వింటే భయమేసేది. ఇప్పుడు అలవాటైంది.

కొలత నాకు తిరిగి రాలేదు. అడగను కూడా. పొద్దున గిరాకీ చప్పుడు వింటూ లోపలి గదిలో మాత్ర వేసుకుంటాను. ఇంట్లో అందరూ మంచిగానే ఉంటారు. కానీ నొప్పిగా ఉందంటే మాట మారుస్తారు. రేణుక మాత్రం మార్చదు. ఇంకా కొంచెం కోపంగానే ఉంటుంది, కోపంగానే నాతో ఆసుపత్రికి వస్తుంది, డాక్టరమ్మను నాకన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది.

ఇది చదివే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ పుట్టింటి వైపు ఆడవాళ్లు ఎవరు దేనితో పోయారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంట్లో చెప్పుకునే పేరు కాదు, ఒంట్లో ఏం జరిగిందో రాయండి: కడుపు ఉబ్బిందా, రొమ్ములో గడ్డా, ఏ వయసులో. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ చేత్తో మీరే డాక్టరుకు ఇవ్వండి. ఒక ప్రతి అక్కచెల్లెళ్లకు ఇవ్వండి.

మాది మొన్ననే రాశాం. రేణుక రాసింది, నేను చెప్పాను. సగం దానికే ఎక్కువ తెలుసు. అమ్మ సొంత అక్క, మా పెద్దమ్మకు రొమ్ము మీద పుండు పడితే దిష్టి అన్నారట, నలభై రెండేళ్లకు పోయిందట. అమ్మమ్మకు కూడా కడుపు వాచిందట. అమ్మ పేరు రాసి, కడుపులో నీళ్లు, ఒవరీ క్యాన్సర్ కావచ్చు, యాభై ఒకటి అని రాసింది. తర్వాత నా పేరు. రోగం పేరు మొత్తం పొల్లుపోకుండా రాసింది. మిగతావాళ్లందరికీ పోయిన వయసు వేసిన చోటికి వచ్చి పెన్ను ఆపి నా వైపు చూసింది. తల వంచుకుని, "ఉంది" అని రాసింది.